దూరబోధనలో ‘దూరం’ : తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్య (2020–21) – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

కరోనా కారణంగా 2020 మార్చిలో మూతపడిన బడులు తెలుగు రాష్ట్రాల్లో తిరిగి నిలకడగా నడవడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఆ కాలంలో టెలివిజన్, రేడియో, చరవాణి, వర్క్‌షీట్ల ద్వారా పాఠశాల విద్యను కొనసాగించే ప్రయత్నం జరిగింది. ఈ ప్రయత్నంపై వచ్చిన చర్చ ఎక్కువగా ఉపకరణం ఉందా, లేదా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ‘దూరం’ అనే భావనను ఆధారం చేసుకొని, ప్రసారం చేరడానికీ పాఠం చేరడానికీ ఉన్న తేడాను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1975–76 నాటి ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం, సార్వత్రిక విశ్వవిద్యాలయ అనుభవం, విద్యాహక్కు చట్టం, క్షేత్రసర్వేల గణాంకాలు, తెలుగు బోధనలోని ప్రత్యేక సమస్యలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: దూరవిద్య, దూరబోధన, సాంకేతిక అసమానత, టెలివిజన్ పాఠాలు, విద్యాహక్కు, మాతృభాషా బోధన, ప్రకాశపఠనం.

1. ఉపోద్ఘాతం:

తెలంగాణలో 2020 మార్చి 19న మొదలైన పదవ తరగతి పరీక్షలు కొన్ని పేపర్లతోనే నిలిచిపోయాయి. జూన్ 8న మిగిలిన పరీక్షలను రద్దు చేసి, అంతర్గత మూల్యాంకన మార్కుల ఆధారంగా విద్యార్థులందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించాలని ప్రభుత్వం నిర్ణయించింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కూడా పదవ తరగతి పరీక్షలను రద్దు చేసింది. ఒక విద్యాసంవత్సరం ఆ విధంగా ముగిసింది. తర్వాతి సంవత్సరం ఎలా మొదలుకావాలన్న ప్రశ్నకు రెండు రాష్ట్రాలూ ఇచ్చిన సమాధానం దూరబోధన.

ఆ రోజుల్లో పత్రికల్లో, అధికారిక ప్రకటనల్లో తరచుగా వినిపించిన మాట ‘చదువు ఆగకూడదు’. ఆ మాటలోని సదుద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. అయితే ఆగకుండా సాగింది ఏమిటి అని విచారించడం విమర్శకుని బాధ్యత. పాఠాల ప్రసారం ఆగలేదు. పై తరగతికి పంపడమూ ఆగలేదు. ఈ రెంటి నడుమ పిల్లలు నేర్చుకోవడం ఎంతవరకు సాగింది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుంచి ఎదురైంది కాదు. 2020–21లో పదవ తరగతిలో ఉన్న విద్యార్థులు 2023–24లో డిగ్రీ మొదటి సంవత్సరానికి వచ్చారు. తెలుగు తరగతిలో ఒక పద్యాన్ని బిగ్గరగా చదవమన్నప్పుడు వారిలో చాలామంది పదాలను ఎక్కడ విడదీయాలో తెలియక ఆగిపోయారు. భావం చెప్పమంటే చక్కగా చెప్పగలిగినవారు కూడా చదవడానికి సంకోచించారు. ‘పదో తరగతిలో పద్యాలు టీవీలో విన్నాం సార్, మేం చదవలేదు’ అని ఒక విద్యార్థిని అన్న మాట ఈ వ్యాసానికి ప్రేరణ. ఒక తరగతి గదిలోని అనుభవం నుంచి సాధారణ సూత్రాన్ని రాబట్టడం పరిశోధన కాదు. కాని అది పరిశోధించదగిన ప్రశ్నను ముందుంచగలదు.

2. పరిభాషా విచారణ:

దూరవిద్య, దూరబోధన, ఆన్‌లైన్ విద్య, డిజిటల్ తరగతులు అనే పదాలను ఆ కాలంలో పర్యాయపదాలుగా వాడారు. నిజానికి వీటి అర్థపరిధులు వేరు. దూరవిద్య ఒక ప్రత్యేకమైన విద్యావ్యవస్థ. అందులో విద్యార్థి ఒంటరిగా చదువుకొంటాడన్న అంచనాతోనే పాఠ్యరచన జరుగుతుంది. అధ్యయన కేంద్రం, సంపర్క తరగతులు, అసైన్‌మెంట్లు దానిలో అంతర్భాగాలు. 2020లో జరిగింది ఇది కాదు. తరగతి గది కోసం రాసిన పాఠ్యపుస్తకాన్నీ, తరగతి గదికి అలవాటుపడిన బోధననూ ఉన్నపళంగా తెరమీదికి మార్చారు. 2020 మార్చిలోనే చార్లెస్ హాడ్జెస్, ఆయన సహరచయితలు ఈ తేడాను గుర్తించి, ఇటువంటి ఏర్పాటును ‘అత్యవసర దూరబోధన’గా వ్యవహరించాలని ప్రతిపాదించారు. ఈ వ్యాసంలో ‘దూరబోధన’ అనే పదాన్ని ఆ అర్థంలోనే వాడుతున్నాను.

దూరవిద్యా సిద్ధాంతంలో మైకేల్ మూర్ ప్రతిపాదించిన ఒక భావన ఇక్కడ ఉపకరిస్తుంది. బోధకుడికీ అభ్యాసకుడికీ మధ్య ఉండే దూరం భౌగోళికమైనది మాత్రమే కాదనీ, వారి మధ్య సంభాషణ ఎంత తగ్గితే ఆ దూరం అంత పెరుగుతుందనీ ఆయన సిద్ధాంతం చెబుతుంది. పాఠ్యనిర్మాణం ఎంత బిగుతుగా ఉంది, విద్యార్థికి స్వయంగా చదువుకోగల శక్తి ఎంత ఉంది అన్నవి కూడా ఈ దూరాన్ని ప్రభావితం చేస్తాయి. దీనిని తెలుగులో ‘వ్యవహారదూరం’ అనవచ్చు. ఈ దృష్టితో చూస్తే, టెలివిజన్ ఉన్న ఇంట్లోని ఎనిమిదేళ్ళ పిల్లకు పాఠం ఎదురుగానే ఉన్నా వ్యవహారదూరం చాలా ఎక్కువ. టెలివిజన్ లేని ఇంటికి వారానికొకసారి వెళ్ళి, పిల్ల రాసిన కాగితం చూసి వచ్చిన ఉపాధ్యాయుని విషయంలో అది చాలా తక్కువ.

‘డిజిటల్ అంతరం’ అనే పదబంధాన్ని కూడా పరిశీలించవలసి ఉంది. అంతరం, అగాధం వంటి మాటలు రెండు గట్లనూ మధ్యలో ఒక లోయనూ ఊహింపజేస్తాయి. దానికి తగినట్టే ‘వారధి’ అనే పరిష్కారం వెంటనే స్ఫురిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రసార పాఠాలకు ‘విద్యావారధి’ అని పేరు పెట్టడంలో ఈ ఊహ కనిపిస్తుంది. వాస్తవ పరిస్థితి మెట్లవరుసకు దగ్గరగా ఉంది. డచ్చి పండితుడు యాన్ వాన్ డైక్ సాంకేతిక అందుబాటులో నాలుగు దశలను చూపాడు: వాడాలన్న ప్రేరణ, ఉపకరణం ఉండటం, వాడే నైపుణ్యం, ప్రయోజనకరంగా వాడటం. ఉపకరణం ఇస్తే ఒక మెట్టు ఎక్కినట్టే అవుతుంది. తక్కిన మెట్లు ఎక్కడానికి ఇంట్లో చదువుకొన్న పెద్దల తోడ్పాటు, తీరిక, ప్రశాంతమైన చోటు కావాలి. అసమానత ఈ మెట్లమీదే బలంగా ఉంటుంది.

3. పూర్వరంగం – రెండు అనుభవాలు:

తెలుగు పల్లెలకు టెలివిజన్ పాఠం 2020లో కొత్తగా వచ్చింది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్–6 ఉపగ్రహం సహాయంతో భారతదేశం ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని నిర్వహించింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలు ఇందులో ఉన్నాయి. ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఉదయం 5–12 ఏళ్ళ పిల్లల కోసం, సాయంత్రం పెద్దల కోసం కార్యక్రమాలు వచ్చేవి.

ఆ ప్రయోగాన్ని ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి కారణం దాని సాంకేతికత కన్నా దాని సామాజిక ఏర్పాటు. టెలివిజన్ పెట్టెను ఇంట్లో కాక బడిలోనో, ఊరందరూ చేరగల చోటులోనో ఉంచారు. దానిని చూసుకోవడానికి ఒక మనిషిని నియమించారు. పిల్లలు గుంపుగా కూర్చుని చూసేవారు. పక్కన ఉపాధ్యాయుడు ఉండేవాడు. అదే ప్రయోగంలో భాగంగా వేలాది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. అంటే తెరను ఉపాధ్యాయునికి బదులుగా కాక, ఆయనకు తోడుగా ఊహించారు. 2020లో వ్యాధి భయం వల్ల ఈ సమష్టి వీక్షణ అసాధ్యమైంది. ఫలితంగా ఊరి ఉమ్మడి బాధ్యతగా ఉండదగిన తెర ఒక్కో కుటుంబం సొంత బాధ్యతగా మారింది. అసమానత పెరగడానికి ఈ మార్పే మూలమని నా అభిప్రాయం.

రెండవ అనుభవం సార్వత్రిక విశ్వవిద్యాలయానిది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగాలు చేసుకొనేవారు, గృహిణులు, మధ్యలో చదువు మానినవారు తెలుగు మాధ్యమంలో పట్టా పొందడానికి ఈ సంస్థ దారి తీసింది. దాని విజయానికి ఆధారం విద్యార్థి చేతికి ముందుగా అందే ముద్రిత పాఠ్యం, దగ్గరలోని అధ్యయన కేంద్రం. ప్రసార మాధ్యమాలు వీటికి అనుబంధాలు. పైగా అక్కడి అభ్యాసకులు వయోజనులు. చదవడం, రాయడం ముందే వచ్చినవారు. చదవడమే నేర్చుకోవలసిన పిల్లలకు ఈ నమూనాను యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. నలభై ఏళ్ళ దూరవిద్యానుభవం ఉన్న ప్రాంతంలో, పాఠశాల దూరబోధనను రూపొందించేటప్పుడు ఆ అనుభవంలోని కీలకాంశమైన ముద్రిత పాఠ్యానికి తగిన ప్రాధాన్యం దక్కలేదు.

4. 2020–21 ఏర్పాట్లు:

కేంద్ర ప్రభుత్వం 2020 మే నెలలో ‘పీఎం ఈ–విద్య’ను ప్రకటించింది. ఒక్కో తరగతికి ఒక్కో టెలివిజన్ ఛానల్ ఇందులో ప్రధానాంశం. జూలైలో విడుదలైన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాలు 1–8 తరగతులకు రోజుకు 30–45 నిమిషాల చొప్పున రెండు, 9–12 తరగతులకు నాలుగు తరగతులకు మించకుండా ఆన్‌లైన్ బోధన ఉండాలని సూచించాయి. అదే నెల 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యావిధానం, డిజిటల్ సౌకర్యం లేని వర్గాల కోసం టెలివిజన్, రేడియో, సామాజిక రేడియోలను విస్తృతంగా వాడాలని పేర్కొంది.

ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పదవ తరగతి వారికి ‘విద్యామృతం’, ఆ తర్వాత ఇతర తరగతులకు ‘విద్యావారధి’ పాఠాలు ప్రసారమయ్యాయి. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ఛానళ్ళ ద్వారా 3–10 తరగతులకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. పాఠాల పర్యవేక్షణను ఉపాధ్యాయులకు అప్పగించారు. వర్క్‌షీట్లు ఇవ్వడం, ఫోన్ చేసి తెలుసుకోవడం, వాట్సాప్ బృందాలు నడపడం వారి పనులయ్యాయి.

ఇంటర్నెట్ తరగతుల కన్నా టెలివిజన్‌కు ప్రాధాన్యమిచ్చిన ఈ నిర్ణయం సమంజసమైనది. జాతీయ గణాంక కార్యాలయం 75వ విడత సర్వే (2017–18) ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. పట్టణాల్లో ఇవి వరుసగా 23.4, 42 శాతం. ఈ పరిస్థితిలో అనేక ప్రైవేటు పాఠశాలలు ఎంచుకొన్న ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతి, ప్రభుత్వ పాఠశాలల పిల్లల్లో అధికభాగానికి అందేది కాదు.

అయినా రెండు లోపాలను ప్రస్తావించక తప్పదు. మొదటిది, తెలంగాణలో తొలి ఏర్పాటులో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు లేవు. చిన్నపిల్లలను తెరముందు కూర్చోబెట్టరాదన్న ఆలోచన సరైనదే. కాని తెరకు బదులుగా వారికి మరొకటి ఏర్పాటు కావలసింది. రెండవది, పర్యవేక్షణలో ప్రధానంగా అడిగిన ప్రశ్న ‘పాఠం చూశారా?’ అన్నది. ఎంతమంది చూశారన్న లెక్క హాజరుపట్టీకి ప్రత్యామ్నాయమైంది. చూసిన పాఠంలో ఏం పట్టుబడిందన్నది లెక్కలోకి రాలేదు.

5. గణాంకాలు చెప్పేదేమిటి:

‘అసర్’ సంస్థ 2020 సెప్టెంబరులో గ్రామీణ కుటుంబాలను ఫోన్ ద్వారా సర్వే చేసింది. బడిలో నమోదైన పిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా 2020లో 61.8 శాతానికి పెరిగాయి. రెండేళ్ళలో ఇది గణనీయమైన పెరుగుదల. కాని సర్వేకు ముందువారంలో బడి నుంచి ఏదో ఒక అభ్యసన సామగ్రి అందిందని చెప్పినవారు మూడోవంతు కన్నా కొంచెం మాత్రమే ఎక్కువ. ఫోన్ ఉన్న ఇళ్ళకూ పాఠం అందిన ఇళ్ళకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తున్నది. 2021 అసర్ సర్వే ఇంకో తేడాను చూపింది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లల్లో కూడా సుమారు 26 శాతానికి దాన్ని వాడుకొనే అవకాశం లేదు. ఉదయం పనికి పోయే తండ్రి జేబులో ఉన్న ఫోన్ సర్వే లెక్కలో ఇంటిదే. పాఠం వచ్చే వేళకు మాత్రం అది ఇంట్లో ఉండదు.

2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాలకు చెందిన దాదాపు 1,400 మంది పిల్లలతో జరిగిన ‘స్కూల్’ సర్వే ఫలితం మరింత కఠినమైనది. ఆ కుటుంబాల గ్రామీణ బాలల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతం. అసలు చదవనివారు 37 శాతం.

ఈ చర్చలో తగినంతగా గుర్తింపునకు రాని అంకె ఒకటి ఉంది. 2020 అసర్ సర్వే నాటికి దేశంలో 80 శాతానికి పైగా గ్రామీణ బాలల వద్ద ఆ తరగతి పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. తెలంగాణలో ఇది 68.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 34.6 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పుస్తకాలతో కూడిన విద్యాకానుక పంపిణీ ఆ ఏడాది అక్టోబర్ 8న ప్రారంభమైంది. కాబట్టి సర్వే నాటి తక్కువ అంకెకు పంపిణీలోని ఆలస్యం ముఖ్యకారణం కావచ్చు. కారణమేదైనా, టెలివిజన్‌లో ఉపాధ్యాయుడు ఫలానా పుట తెరవమన్నప్పుడు తెరవడానికి పుస్తకం లేని పిల్లలు ఆ సెప్టెంబరులో తెలుగునాట పెద్దసంఖ్యలో ఉన్నారు. సాంకేతిక అసమానత గురించి ఇంత చర్చ జరిగిన కాలంలో, అతి పాతదీ అతి చవకదీ అయిన పాఠ్యపుస్తకమనే సాంకేతిక సాధనం అందరికీ అందిందా అన్న ప్రశ్న వెనుకబడింది.

6. తెలుగు పాఠం – ఒక గీటురాయి:

దూరబోధనపై చర్చల్లో గణితం, విజ్ఞానశాస్త్రాల ప్రస్తావనే ఎక్కువ. మాతృభాషను పిల్లలు ఎలాగూ నేర్చుకొంటారన్న భావన దీనికి కారణం. కాని ప్రసారబోధన పరిమితి స్పష్టంగా కనిపించేది భాషాపాఠంలోనే.

శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం అనే నాలుగు నైపుణ్యాల్లో టెలివిజన్ నేరుగా అభ్యాసం చేయించగలిగింది శ్రవణాన్ని మాత్రమే. ప్రాథమిక తరగతుల్లో ప్రకాశపఠనం, ఉక్తలేఖనం ఉపాధ్యాయుని చెవి, కన్ను లేకుండా సాగవు. పిల్ల ‘ల’కు ‘ళ’ పలికినా, ‘ద’కు ‘ధ’ రాసినా, ద్విత్వాన్ని సంయుక్తంగా రాసినా అప్పటికప్పుడు చూసి సరిదిద్దాలి. తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు స్వభావతః దృశ్యసంబంధమైనవి. పలక మీద చేయి పట్టి దిద్దించే పని ఏ ప్రసారానికీ సాధ్యం కాదు. తెరమీది ఉపాధ్యాయుడు ప్రశ్న వేసి కొన్ని క్షణాలు ఆగుతాడు. ఆ కొన్ని క్షణాల్లో ఎవరు ఏం చెప్పారో, ఎవరు మౌనంగా ఉన్నారో ఆయనకు తెలియదు. తర్వాత సరైన జవాబు ఆయనే చెబుతాడు. మూర్ చెప్పిన సంభాషణ ఇక్కడ లోపించింది.

పద్యబోధనలో ఈ సమస్య మరింత తీవ్రం. పద్యం చెప్పించుకోవడం ద్వారా వస్తుంది. ఉపాధ్యాయుడు ఒక పాదం చదవగా తరగతి అనుసరించడం, పదవిభాగం తెలియని చోట ఆయన మళ్ళీ విడమరచి చదవడం, ఒక్కొక్కరినీ లేపి చదివించడం అనే క్రమంలో పద్యం నోటికి వస్తుంది. టెలివిజన్‌లో ఇందులోని మొదటి భాగం మాత్రమే మిగిలింది. ఉపోద్ఘాతంలో పేర్కొన్న విద్యార్థిని మాటకు అర్థం ఇదే.

ఇంకొకటి మాండలికాల, ఇంటిభాషల సమస్య. ఆదిలాబాద్ గోండు గూడెంలో, భద్రాచలం పరిసరాల కోయపల్లెలో, లంబాడీ తండాలో, ఉర్దూ మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లలకు పాఠ్యపుస్తకంలోని తెలుగు ఇంటిభాష కాదు. తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లలకు కూడా ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల వాడుకకూ ప్రమాణభాషకూ మధ్య కొంత దూరం ఉంటుంది. బడిలో స్థానిక ఉపాధ్యాయుడు పాఠంలోని మాటకు ఊరిమాట చెప్పి ఆ దూరాన్ని దాటిస్తాడు. రాష్ట్రమంతటికీ ఒకే పాఠం ఒకే గొంతుతో వచ్చినప్పుడు ఆ మధ్యవర్తి లేడు. అందుచేత టెలివిజన్ ఉన్న ఇళ్ళ మధ్య కూడా భాషాపరమైన అసమానత ఏర్పడింది. ఉపకరణాల లెక్క దీనిని పట్టుకోలేదు.

ఫలితాన్ని చూపే ఒక కొలమానం 2022 అసర్ నివేదికలో ఉంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు దేశంలో 2018లో 27.3 శాతం కాగా 2022లో 20.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3 శాతానికి, తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి తగ్గింది. 2022లో మూడో తరగతిలో ఉన్న ఈ పిల్లలు 2020–21లో ఒకటో తరగతిలో చేరవలసినవారు. తెలంగాణలో 2020 సెప్టెంబరున మొదలైన డిజిటల్ పాఠాల పరిధిలో లేని తరగతి అదే. 2021 ఫిబ్రవరిలో బడులు తెరిచినప్పుడు 6వ తరగతి, ఆపై వారికి మాత్రమే అవకాశం కలిగింది. ప్రాథమిక తరగతులు 2021 సెప్టెంబరు వరకు ఎదురుచూశాయి. అంటే ఆ పిల్లలకు మొదటి సంవత్సరం బడీ లేదు, తెరా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి 1న ప్రాథమిక తరగతులు తెరుచుకొన్నా, రెండవ విజృంభణతో ఏప్రిల్‌లో మళ్ళీ మూతపడ్డాయి.

ఈ క్షీణతకు దూరబోధన లోపాలే ఏకైక కారణమని నిర్ధారించలేం. 2018 నాటికే పరిస్థితి తృప్తికరంగా లేదన్నది ఆ అంకెల్లోనే ఉంది. కుటుంబాల ఆర్థికస్థితి, ప్రైవేటు బడుల నుంచి ప్రభుత్వ బడులకు పిల్లల వలస వంటి అంశాలను కూడా పరిగణించాలి. కాని అక్షరాలు నేర్వవలసిన వయసులో అక్షరాలు నేర్పేవారు లేకపోవడం ఇందులో ప్రధానమైన కారణమనడానికి తగిన ఆధారం ఉంది.

7. చట్టం దృష్టిలో దూరం:

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణం ద్వారా 6–14 ఏళ్ళ బాలలందరికీ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టం కింది కేంద్ర నియమాలు దూరాన్ని కొలతతో నిర్వచించాయి. 1–5 తరగతుల బడి ఇంటికి ఒక కిలోమీటరు లోపు, 6–8 తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. పిల్ల నడిచి వెళ్ళగలిగినంత దూరమే చట్టం అంగీకరించే దూరం. దూరబోధన కాలంలో ఈ కొలతకు సమానమైన మరో ప్రమాణం ఏర్పడలేదు. ఎన్ని ఇళ్ళకు ఒక తెర, పిల్లకు ఎంత దూరంలో ఒక పెద్దమనిషి సహాయం అన్న ప్రశ్నలకు సమాధానం లేకుండానే పాఠాలు మొదలయ్యాయి.

అదే చట్టంలోని మూడవ విభాగం, ప్రాథమిక విద్యను పూర్తిచేయడానికి అడ్డుపడే ఎటువంటి రుసుమునూ ఖర్చునూ పిల్లలపై మోపరాదని చెబుతుంది. బడి ఫోన్‌లోకి మారినప్పుడు నెలనెలా వేయించవలసిన డేటా రీఛార్జ్ ఈ ఖర్చు కిందికి రాదా? 2020 సెప్టెంబర్ 18న దిల్లీ హైకోర్టు ఈ దిశగానే ఆలోచించి, ఆన్‌లైన్ తరగతులు నడిపే బడులు తమ వద్ద చదివే బలహీనవర్గాల పిల్లలకు ఉపకరణాలు, ఇంటర్నెట్ సమకూర్చాలని తీర్పిచ్చింది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసినా, 2021 అక్టోబరులో ఈ అసమానత తీవ్రతను గుర్తించి ప్రభుత్వాలు మార్గం చూపాలని చెప్పింది. ఆన్‌లైన్ విద్యను దయాదాక్షిణ్యాల దృష్టితో కాక హక్కుల దృష్టితో చూడటానికి ఈ చర్చ దోహదం చేసింది.

8. ఒక ఎదురువాదన – పరిశీలన:

‘మహమ్మారి కాలంలో ఇంతకన్నా ఏం చేయగలరు? ఏదీ లేకపోవడం కన్నా కొంత ఉండటం మేలు కదా?’ అన్న వాదన సహజం. ప్రాణభయం నిజమైనది. ఉపాధ్యాయులు కూడా ఆ వ్యాధికి బలయ్యారు. తక్కువ వ్యవధిలో వందలాది పాఠాలు చిత్రీకరించినవారి శ్రమ సామాన్యమైనది కాదు. ఈ విమర్శ వారిపై కాదు.

అయితే ‘కొంత’ ఎవరికి దక్కిందన్నది ముఖ్యం. చదువుకొన్న తల్లిదండ్రులు, పుస్తకం, ఫోన్ మూడూ ఉన్న పిల్లలకు ఈ ఏర్పాటు ఎక్కువగా ఉపకరించింది. వారు ఇది లేకపోయినా కొంత నేర్చుకోగలిగేవారే. ఏదీ లేనివారికి అతితక్కువ అందింది. అందరికీ ఒకే పాఠం ఇవ్వడం సమానత్వంగా కనిపించినా, ఆచరణలో అది అసమానతను పెంచింది. పైగా ఆ పరిమితుల్లోనే మరో మార్గం సాధ్యమని చూపిన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు తమ ఊళ్ళలో చిన్నచిన్న బృందాలుగా చేరి, పై తరగతి వారు కింది తరగతి వారికి చెప్పే ‘విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్’ను నడిపారు. తెర లేనిచోట కూడా మనిషి ఉండవచ్చునని ఈ ప్రయత్నం నిరూపించింది. 1975 నాటి సమష్టి వీక్షణలోని సారం ఇక్కడ మరోరూపంలో కనిపిస్తుంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ముందుగానే పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంపిణీ చేసింది. ఇంటర్నెట్ లేకపోయినా పాఠం తెరుచుకొనే ఈ పద్ధతి గత అనుభవం నుంచి నేర్చుకొన్న ఒక పాఠం. అయినా అది ఉపకరణమనే మెట్టుకు సంబంధించిన పరిష్కారమే. చదవడం రాని పిల్ల చేతిలో ట్యాబ్ మరో టెలివిజన్ అవుతుంది.

9. సూచనలు:

వరదలు, తుపానులు, ఎండతీవ్రత వంటి కారణాలతో బడులు మూతపడే పరిస్థితి ఇకముందూ రావచ్చు. అప్పటికి ఈ కింది అంశాలను పరిశీలించవచ్చు.

1. విద్యాసంవత్సరం తొలి వారంలోనే, బడి తెరిచినా తెరవకపోయినా, పాఠ్యపుస్తకం ఇంటికి చేర్చడం.

2. ఒకటి, రెండు తరగతులకు ప్రసారంపై ఆధారపడకుండా ఉపాధ్యాయుల గృహసందర్శనలు, చిన్నబృందాల బోధన ఏర్పాటు చేయడం.

3. నడకదూరంలో ఒక ఉమ్మడి అభ్యసన స్థలాన్ని ముందుగానే గుర్తించి ఉంచడం. గ్రంథాలయం, పంచాయతీ భవనం, బడి వరండా ఇందుకు అనువైనవి.

4. ‘పాఠం చూశారా?’ అన్న లెక్కకు తోడుగా, కొద్దిమంది పిల్లలచేతనైనా వారానికొకసారి ఫోన్‌లో బిగ్గరగా చదివించి వినడం. మామూలు ఫోన్‌తో కూడా ఇది సాధ్యమే.

5. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లల కోసం స్థానిక రేడియోను వినియోగించుకోవడం.

6. ఆనాడు ప్రసారమైన తెలుగు పాఠాలను విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు సేకరించి, వాటి భాష, వేగం, ప్రశ్నల తీరును విశ్లేషించడం. బోధనాభాషపై పరిశోధించేవారికి ఇది విలువైన ముడిసరుకు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. 2020–21లో తెలుగు రాష్ట్రాలు ఇంటర్నెట్ కన్నా టెలివిజన్‌ను ఎంచుకోవడం సరైన నిర్ణయం. కాని ప్రసారం చేరడాన్నే పాఠం చేరడంగా లెక్కించడం వల్ల అసలైన అసమానతలు మరుగునపడ్డాయి. ఉపకరణం లేకపోవడం ఆ అసమానతల్లో ఒకటి మాత్రమే. పుస్తకం లేకపోవడం, ఇంట్లో చదువు చెప్పగలవారు లేకపోవడం, పాఠంలోని భాష ఇంటిభాష కాకపోవడం, పిల్ల చదువుతుంటే వినేవారు లేకపోవడం తక్కినవి. చదువుకు తొలి అడుగు వేయవలసిన పిల్లలు అందరికన్నా ఎక్కువగా నష్టపోయారు.

2020లో ఒకటో తరగతిలో చేరిన ఆ పిల్లలు మరికొన్నేళ్ళలో ఉన్నత పాఠశాల దాటి కళాశాలల తెలుగు తరగతులకు వస్తారు. వారు పద్యం దగ్గర తడబడితే ఆ తడబాటుకు చరిత్ర ఉందని మనకు తెలిసి ఉండాలి. అప్పుడు కొత్త పాఠం మొదలుపెట్టే ముందు వారిచేత ఒక పుట బిగ్గరగా చదివించి వినడం, తెలుగు అధ్యాపకులుగా మనం చేయగలిగిన మొదటి పని.